ఇరాన్ మీద అమెరికా ఆంక్షల్లో మందులకు మినహాయింపు ఉంది, అయినా ఏడాది పట్టింది: నా అనుభవం

2019 జూలైలో ఆర్డరు వచ్చిన సరుకు 2020 జూన్ చివరి వారంలో టెహ్రాన్ గోదాము చేరింది. మొత్తం 200 కిలోలు, ఎనిమిది డ్రమ్ములు. నేను హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా బల్క్ డ్రగ్ (ముడిమందు) కంపెనీలో ఎగుమతుల విభాగం చూస్తాను. మామూలుగా ఇంత చిన్న ఆర్డరు నెల, నెలన్నరలో మా చేతులు దాటిపోతుంది. దీనికి ఎందుకింత కాలం పట్టిందో, ఎక్కడెక్కడ ఆగిందో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. నేను మొదట్లో వాకబు చేసినప్పుడు చట్టం ఏం చెబుతుందో చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. నిజంగా పని మొదలుపెడితే ఏం జరుగుతుందో చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

మందు పేరు డిఫెరాసిరాక్స్. తలసీమియా ఉన్నవాళ్లకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. దాన్ని బయటికి పంపే మందు ఇది. రోజుకోసారి నోటితో తీసుకుంటే సరిపోతుంది. ఇది లేకపోతే పాత పద్ధతే గతి: చర్మం కింద సూది పెట్టి, చిన్న పంపు తగిలించుకుని, రాత్రంతా మందు ఎక్కించుకుంటూ పడుకోవాలి, వారంలో ఐదారు రాత్రులు. ఇరాన్‌లో తలసీమియా రోగులు సుమారు 20 వేల మంది. కాస్పియన్ తీరంలోని మాజందరాన్, గిలాన్ వైపూ, ఆగ్నేయాన సిస్తాన్-బలూచిస్తాన్ వైపూ ఎక్కువ. వాళ్ల మాత్రలు చాలావరకు ఇరాన్ కంపెనీలే తయారుచేసుకుంటాయి. ముడిమందు బయటి నుంచి రావాలి. మేం పంపాల్సింది అదే. పెద్దవాళ్ల మోతాదు రోజుకు గ్రాము నుంచి గ్రామున్నర అనుకుంటే 200 కిలోలు సుమారు 400 మందికి ఏడాది పాటు వస్తుంది. ఈ లెక్క నేను మొదటివారంలోనే వేసుకున్నాను. తర్వాత ఎక్కడ ఆగినా ఆ 400 మంది గుర్తొచ్చేవాళ్లు.

జూలై మొదటివారంలో టెహ్రాన్ కంపెనీ నుంచి ప్రొఫార్మా ఇన్వాయిస్, అంటే ముందస్తు బిల్లు, అడిగారు. అక్కడ కొనుగోళ్లు చూసే ఆవిడ చాలా పద్ధతిగా ఉత్తరం రాసింది. ఇన్వాయిస్ రూపాయల్లో ఉండాలి, ప్రతి కాగితం మీదా సరుకు రకం చెప్పే కస్టమ్స్ నంబరు, అంటే హెచ్ఎస్ కోడ్, ఉండాలి, వాళ్ల దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, వాళ్ల ఆహార ఔషధ సంస్థ అనుమతిలో ఉన్న తయారీదారు పేరు, చిరునామా అక్షరం పొల్లుపోకుండా మా కాగితాల్లో ఉండాలి. మా ఫ్యాక్టరీ చిరునామాలో ఒకచోట ప్లాట్ నంబరు ముందూ, ఇంకోచోట వెనకా ఉందని ఆవిడే పట్టుకుంది. అంత జాగ్రత్త ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. అక్కడ అనుమతి వస్తేనే అప్పట్లో మందులకు కేటాయించిన సర్కారీ రేటు, అంటే డాలరుకు 42,000 రియాళ్ల రేటు, వర్తించేది. బయట రేటు అప్పటికే లక్ష దాటేసింది. కాగితం తిరిగొస్తే ధర రెండింతలు దాటిపోయేది.

డబ్బు సంగతి కూడా ఆవిడే వివరించింది. ఇండియా అంతకుముందు ఇరాన్ చమురుకు కట్టిన డబ్బు అప్పటికి రూపాయల్లో మన ప్రభుత్వరంగ బ్యాంకు ఖాతాల్లో ఉండేది. మన బియ్యం, టీ, మందుల ఎగుమతిదారులకు దాంట్లోంచే చెల్లించేవారు. డాలరు ముట్టుకోనక్కర్లేదు. అయితే 2019 మే 2 తర్వాత ఇండియా ఇరాన్ చమురు కొనడం ఆపేసింది కాబట్టి ఆ ఖాతాలోకి కొత్తగా వచ్చేదేమీ లేదు, పోయేదే. "త్వరగా చేద్దాం, ఆలస్యమయ్యేకొద్దీ వరస పొడుగవుతుంది" అని రాసింది. పూర్తి డబ్బు ముందే ఇస్తామన్నారు. మా ఎండీ గారు వెంటనే ఒప్పుకున్నారు.

అసలు చిక్కు మా సొంత బ్యాంకు దగ్గర మొదలైంది. రూపాయి ఖాతా ఉన్న బ్యాంకు వేరు, మా కంపెనీ ఖాతా ఉన్న బ్యాంకు వేరు. డబ్బు అక్కణ్ణుంచి ఇక్కడికి రావాలి, ఎగుమతి కాగితాలు మా బ్యాంకు ద్వారానే పోవాలి. ఆగస్టు 6న మా బ్రాంచి నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది: ఇరాన్‌కు సంబంధించిన లావాదేవీలు చేపట్టడం లేదు, దయచేసి గమనించగలరు. అంతే. కారణం లేదు.

మర్నాడు నేనూ మా ఫైనాన్స్ మేనేజరూ వెళ్లి కలిశాం. బ్రాంచి హెడ్ మంచి మనిషి, మమ్మల్ని చాలా ఏళ్లుగా ఎరిగినవాడు. అంతర్జాతీయ న్యాయస్థానం 2018 అక్టోబర్ 3న ఇచ్చిన ఉత్తర్వు కాపీ పట్టుకెళ్లాను. మందులు, వైద్య పరికరాలు, ఆహారం ఇరాన్ వెళ్లడానికి ఉన్న అడ్డంకులు తొలగించమని అమెరికాకు చెప్పిన ఉత్తర్వు అది. ఆయన చదివాడు. తర్వాత అన్నాడు: "సార్, మీరు చేసేది తప్పని నేననట్లేదు. మా బ్యాంకు డాలర్ వ్యాపారమంతా న్యూయార్క్‌లో ఒక బ్యాంకు ఖాతా మీద నడుస్తుంది. రేపు వాళ్లకు అనుమానం వచ్చి ఆ ఖాతా మూసేస్తే? మీ ఒక్క ఇన్వాయిస్ మీద మాకొచ్చే కమీషన్ ఎంత?" నా దగ్గర జవాబు లేదు. 2014లో ఒక ఫ్రెంచి బ్యాంకు ఆంక్షలు ఉల్లంఘించిందని దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టింది. 2019 ఏప్రిల్‌లో ఒక బ్రిటిష్ బ్యాంకు వంద కోట్ల డాలర్లకు పైగా కట్టింది. అవి మందుల కేసులు కావు. కానీ ఆ అంకెలు చూసిన బ్యాంకు అధికారి మందులకు మినహాయింపు ఉందని చెబితే వినిపించుకునే స్థితిలో ఉండడు. ఈ విషయం మీద ఆయన్ను నేను తప్పుపట్టలేను. భయం పెట్టినవాళ్లే ఆ భయం తీర్చే కాగితం కూడా స్పష్టంగా ఇచ్చి ఉండాల్సింది.

చివరికి ఆయన ఒక దారి చూపించాడు. లావాదేవీలు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూసే, ముంబైలోని వాళ్ల కంప్లయన్స్ విభాగానికి ఫైల్ పంపిస్తానన్నాడు, మేం న్యాయవాది అభిప్రాయం జతచేస్తే. ఢిల్లీలో ఆంక్షల చట్టం చూసే న్యాయవాదిని పట్టుకున్నాం. ఫీజు లక్షా ఎనభై వేలు. మొత్తం సరుకు మీద మాకొచ్చే లాభంలో పెద్ద భాగం అక్కడే పోయింది. ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలని ఇప్పుడు ఎవరడిగినా మొదట చెబుతున్నాను.

ఇక్కడ నేనెన్నడూ ఊహించని ప్రశ్న వచ్చింది. కంప్లయన్స్ వాళ్లు అడిగింది మేం పంపేది మందేనా అని. ఎందుకంటే మాత్రలు, ఇంజెక్షన్లు కస్టమ్స్ టారిఫ్‌లో 30వ అధ్యాయంలో వస్తాయి. మా ముడిమందు 29వ అధ్యాయంలో, సేంద్రియ రసాయనాల్లో వస్తుంది. వాళ్ల కంప్యూటర్‌లో కోడ్ కొట్టగానే "కెమికల్" అని వచ్చింది. ఇరాన్, కెమికల్ అనే రెండు మాటలు ఒక తెర మీద పక్కపక్కన కనిపిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మేం రోజూ మందు అని పిలుచుకునేదాన్ని మందేనని నిరూపించడానికి మూడు వారాలు పట్టింది.

న్యాయవాది దగ్గర జూనియర్‌గా ఉన్న అమ్మాయి ఆ ముడి విప్పింది. అమెరికా ఖజానా శాఖలో ఆంక్షలు చూసే ఓఫాక్ నిబంధనల్లో ఇరాన్‌కు సంబంధించి మెడిసిన్ అంటే ఏమిటో రాసి ఉంది: అమెరికా ఆహార, ఔషధ చట్టం 201వ సెక్షన్‌లో డ్రగ్ అనే మాటకిచ్చిన నిర్వచనంలోకి వచ్చేది. ఆ సెక్షన్ తీసి చూస్తే మందులో భాగంగా వాడటానికి ఉద్దేశించిన పదార్థాలు కూడా డ్రగ్ కిందికే వస్తాయి. బయటి దేశాల కంపెనీల మీద కొరడా పట్టుకున్న 2012 నాటి చట్టంలోనూ ఆహారం, మందులు, వైద్య పరికరాలకు మినహాయింపు ఉంది. ఈ రెండూ కలిపి, ఇరాన్ కంపెనీ ఇచ్చిన తుది వినియోగ హామీ పత్రం, మా డ్రగ్ లైసెన్సు, సీఓఏ (సరుకు విశ్లేషణ పత్రం), ఆ ముడిమందుతో వాళ్లు చేసే మాత్రల రిజిస్ట్రేషన్ కాపీ జోడించి 14 పేజీల అభిప్రాయం ఇచ్చారు. సెప్టెంబర్ 11న బ్యాంకుకు చేరింది. మీలో ఎవరైనా ముడిమందు పంపుతుంటే, బ్యాంకు అడిగేదాకా ఆగకుండా ఈ 201వ సెక్షన్ సంగతి మొదటి ఉత్తరంలోనే పెట్టండి.

సెప్టెంబర్ 18న బ్రాంచి హెడ్ ఫోన్ చేసి "ముంబై వాళ్లు మెత్తబడ్డారు సార్, వచ్చేవారం రాతపూర్వకంగా వస్తుంది" అన్నాడు. నేను ఆ సాయంత్రమే టెహ్రాన్‌కు రాశాను. ఫ్యాక్టరీలో బ్యాచ్ అప్పటికి తయారై విశ్లేషణ కూడా అయిపోయింది. డ్రమ్ములకు లేబుళ్లు అంటించడమే మిగిలింది.

సెప్టెంబర్ 20, శుక్రవారం. సౌదీలో అబ్‌కైక్ చమురు కేంద్రం మీద దాడి జరిగిన వారానికి అమెరికా ఇరాన్ కేంద్ర బ్యాంకును ఉగ్రవాద సంబంధ ఆంక్షల కింద చేర్చింది. కేంద్ర బ్యాంకు మీద ఆంక్షలు అంతకుముందూ ఉన్నాయి కదా అని మొదట తేలిగ్గా తీసుకున్నాం. సోమవారం న్యాయవాది ఫోన్‌లో చెప్పింది విన్నాక నోట మాట రాలేదు. పాత ఆంక్షలకు మందుల మినహాయింపు వర్తిస్తుంది. ఉగ్రవాదం కింద పెట్టిన కొత్త ముద్రకు ఆ మినహాయింపు అలాగే వర్తిస్తుందని రాసిచ్చే దారి లేదు. మందులకు సర్కారీ రేటులో విదేశీ మారకం ఇచ్చేది ఆ కేంద్ర బ్యాంకే. మా రూపాయిల్లో ఒక్క పైసా కదలాలన్నా దాని అనుమతి కావాలి. అంటే మందు పంపొచ్చు, ఆ మందుకు డబ్బు వచ్చే దారిలో నిలబడ్డవాణ్ణి ముట్టుకోకూడదు. బ్యాంకు ఫైలు మూసేసింది.

ఆ రోజు టెహ్రాన్‌కు మెయిల్ రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ జవాబు మర్నాడొచ్చింది. నిందించలేదు. సరుకు వేరేవాళ్లకు అమ్మేయకుండా ఉంచగలరా అని ఒక్కటే అడిగింది. అప్పుడే మొదటిసారి అక్కడి పరిస్థితి కొంచెం చెప్పింది. సిస్తాన్-బలూచిస్తాన్‌లోని జాహెదాన్ వైపు ఆసుపత్రుల్లో మాత్రలు నెలకు సరిపడా ఇవ్వలేక పదిహేను రోజులకు ఇస్తున్నారట. కొందరు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. రక్తపరీక్షల్లో ఫెరిటిన్ అంకెలు, అంటే ఒంట్లో ఇనుము ఎంత పేరుకుందో చెప్పేవి, పెరుగుతున్నాయట. కొంతమంది పిల్లలు మళ్లీ రాత్రి పంపుకు మారాల్సి వచ్చిందట. నేనా మెయిల్ ప్రింటు తీసి మా ఎండీ గారి బల్ల మీద పెట్టాను. సరుకు ఉంచేద్దాం అన్నారు. వేరే దేశం కొనుగోలుదారు అదే బ్యాచ్ అడుగుతున్నా ఇవ్వలేదు. ఆ నిర్ణయం వల్ల కంపెనీకి వడ్డీ, గోదాము ఖర్చు కలిపి నెలకు కొంత పోతూ వచ్చింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

అక్టోబర్ 25న అమెరికా ఒక కొత్త ప్రకటన చేసింది: మందులు, ఆహారం అమ్మేవాళ్ల కోసం ప్రత్యేక మార్గం. ఆశపడి చదివాం. ఆ మార్గంలో వెళ్లే బ్యాంకులు ఇరాన్ కొనుగోలుదారుల వివరాలన్నీ, యజమానులు ఎవరో, సరుకు ఎవరికి చేరుతుందో, ఎంత మిగిలిందో నెలనెలా నివేదించాలి. మా బ్యాంకు దాని జోలికే రాలేదు. ఆ కాగితం చూపించి ఒకటి మాత్రం అడిగింది: కొనుగోలుదారు ఎవరి సొత్తు?

ఇది న్యాయమైన ప్రశ్నే. ఇరాన్‌లో మందుల కంపెనీలు కొన్ని సామాజిక భద్రతా సంస్థ పెట్టుబడుల కింద ఉంటాయి, కొన్ని ఆంక్షల జాబితాలో ఉన్న పెద్ద ఫౌండేషన్ల కింద ఉంటాయి. మా కొనుగోలుదారు టెహ్రాన్ స్టాక్ ఎక్స్చేంజిలో ఉన్న ప్రైవేటు కంపెనీ. అక్కడి లిస్టెడ్ కంపెనీలు కొదాల్ అనే వెబ్‌సైట్‌లో వివరాలు పెట్టాలి. అంతా పారసీకంలో ఉంటుంది. ఆవిడ వాటాదారుల పట్టిక పంపితే, ఇక్కడ పారసీకం తెలిసిన అనువాదకుడితో ధ్రువీకరించిన అనువాదం చేయించాం. ఒక శాతం పైచిలుకు వాటా ఒక ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ పేరు మీద ఉంది. ఆ ఫండ్ వెనక ఉన్న బ్యాంకు జాబితాలో ఉంది. ఓఫాక్ నియమం ప్రకారం జాబితాలో ఉన్నవాళ్లకు 50 శాతం, అంతకుమించి వాటా ఉంటేనే ఆ కంపెనీ కూడా నిషిద్ధం. ఒక్క శాతానికి ఏమీ కాదు. అయినా దాని మీద రెండు వారాలు ఉత్తరాలు నడిచాయి.

తర్వాత పేర్ల గొడవ. ఇరాన్ ఓడరేవు బందర్ అబ్బాస్‌లో సరుకు విడిపించే ఏజెంటు పేరు స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎర్రగా వచ్చింది. ఆ పేరూ ఇంటిపేరూ ఇరాన్‌లో వేలమందికి ఉండేవి. జాబితాలో ఉన్న మనిషి వేరు, పుట్టిన సంవత్సరంలోనే ఇరవై ఏళ్ల తేడా. పాస్‌పోర్టు కాపీ తెప్పించి, తండ్రి పేరు, పుట్టిన తేదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే గానీ పచ్చజెండా రాలేదు. ఇంకో పనికొచ్చే మాట: మీ కొనుగోలుదారును, వాళ్ల డైరెక్టర్లను, ఏజెంటును, ఓడను, ఓడ యజమానిని, అందరినీ మీరే ముందు ఆ జాబితాలో వెతికి, పోలిన పేరు వస్తే అది ఎందుకు వేరో రాసి ఫైల్లో పెట్టండి. బ్యాంకు గుమస్తా ఒక్కడే కూర్చుని ఎర్ర అక్షరాలు చూస్తే అతను వద్దనే అంటాడు.

పాస్‌పోర్టు కాపీ కోసం ఎదురుచూస్తున్న రోజుల్లోనే నవంబర్ 16 నుంచి టెహ్రాన్ నుంచి ఏ జవాబూ లేదు. పెట్రోలు ధర పెంచారని అక్కడ గొడవలు మొదలయ్యాయి, దేశమంతా ఇంటర్నెట్ ఆపేశారు. ఫోను కలిస్తే కలిసింది లేకపోతే లేదు. ఇంచుమించు వారం రోజులు ఆవిడ బాగుందో లేదో తెలియదు. నేనెన్నడూ చూడని మనిషి కోసం అంత టెన్షన్ పడతానని అనుకోలేదు. మళ్లీ మెయిల్ వచ్చినప్పుడు గొడవల గురించి ఒక్క ముక్క లేదు. పాస్‌పోర్టు కాపీ జతచేసి, ఆలస్యానికి క్షమించమంది.

2020 జనవరి మొదటివారం యుద్ధమే వచ్చేస్తుందనుకున్నాం. జనవరి 3న ఇరాన్ సైనికాధికారి సులేమానీని అమెరికా చంపడం, 8న అమెరికా స్థావరాల మీద ఇరాన్ క్షిపణులు, అదే రోజు ఉక్రెయిన్ విమానం కూలడం. మా ఆఫీసులో ఈ ఆర్డరు పేరెత్తడం మానేశారు. నెలాఖరుకు స్విట్జర్లాండ్ నుంచి ఒక వార్త వచ్చింది. అమెరికా ఒప్పుకోలుతో స్విస్ మార్గం మొదలైంది, క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి మందులు పంపారు. అది స్విట్జర్లాండ్‌లో ఉన్న కంపెనీలకే. ఇరాన్ వ్యాపారం కోసం యూరప్‌లో మూడు దేశాలు పెట్టిన చెల్లింపుల సంస్థ ఇన్‌స్టెక్స్ అప్పటికి ఏడాదిగా ఉన్నా ఒక్క సరుకూ పంపలేదు, మొదటిది మార్చి 31కి గానీ జరగలేదు. అంటే మా ఒక్క చిన్న కంపెనీకే కాదు, మూడు పెద్ద ప్రభుత్వాలు పూనుకున్నా ఇంతే కష్టమన్నమాట. విచిత్రంగా అది నాకు కొంచెం ధైర్యమిచ్చింది.

ఫిబ్రవరి 27న ఓఫాక్ జనరల్ లైసెన్స్ 8 ఇచ్చింది. ఇరాన్ కేంద్ర బ్యాంకు మధ్యలో ఉన్నా, మందులు, ఆహారం, వైద్య పరికరాల వ్యాపారం చేసుకోవచ్చని. బయటి దేశాలవాళ్లు కూడా ఆ పరిధిలో ఉంటే ఆంక్షల భయం లేదని వివరణ ఉంది. సెప్టెంబర్‌లో పడ్డ తాళానికి ఐదు నెలల తర్వాత వచ్చిన తాళంచెవి ఇది. న్యాయవాది రెండు పేజీల అదనపు అభిప్రాయం రాసిచ్చారు. దానికి ఫీజు తీసుకోలేదు. మార్చి 4న బ్యాంకుకు ఇచ్చాం.

అప్పటికే ఫిబ్రవరి 19న ఇరాన్‌లోని కోమ్ నగరంలో మొదటి కోవిడ్ మరణాలు బయటపడ్డాయి. విమానాలు ఆగిపోయాయి. ఫిబ్రవరి 21న ఆర్థిక నేరాలపై నిఘా పెట్టే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ ఇరాన్‌ను మళ్లీ బ్లాక్‌లిస్టులో పెట్టింది, దానికో ప్రశ్నావళి బ్యాంకు నుంచి వచ్చింది. మార్చి 20న వాళ్ల నౌరోజ్, 25 నుంచి మన లాక్‌డౌన్. బ్యాంకులో సగం మంది ఇంటి నుంచి పని. బ్రాంచి హెడ్ తన ఫోన్‌లో నా కాగితాలు చూసి, ముంబైలో ఇంట్లో కూర్చున్న కంప్లయన్స్ అధికారికి తనే ఫోన్ చేసి, పేజీ పేజీ చదివి వినిపించాడని తర్వాత తెలిసింది. ఏప్రిల్ 17న ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. మే 5న రూపాయిలు మా ఖాతాలో పడ్డాయి. మా ఫైనాన్స్ మేనేజర్ ఫోన్ చేసి "అన్నా, పడ్డాయి" అన్నాడు. ఏం పడ్డాయని అడగలేదు నేను.

డబ్బు వచ్చాక సగం పని అయిపోయిందనుకుంటాం. మా బ్యాచ్ సెప్టెంబర్‌లో తయారైంది. రెండేళ్ల రీటెస్ట్ గడువులో (మళ్లీ పరీక్షించాల్సిన గడువు) చేరేసరికి నాలుగింట మూడొంతులు మిగిలి ఉండాలని కొనుగోలు షరతు. మార్చితోనే అది దాటిపోయింది. మా క్వాలిటీ వాళ్లు లాక్‌డౌన్‌లోనూ మళ్లీ పరీక్షించి, మందు పాడవకుండా ఎంతకాలం నిలుస్తుందో చెప్పే స్టెబిలిటీ లెక్కలు ఇచ్చారు. ఆవిడ అక్కడి అధికారుల దగ్గరికి స్వయంగా వెళ్లి ఒకసారికి సడలింపు తెచ్చింది.

విమానం లేదు కాబట్టి ఓడ. పెద్ద షిప్పింగ్ లైన్లు 2018లోనే ఇరాన్ బుకింగులు మానేశాయి. ఇరాన్ ప్రభుత్వ లైను జాబితాలో ఉంది. ముంబై దగ్గరి నవ షేవా రేవు నుంచి బందర్ అబ్బాస్ వెళ్లే చిన్న లైను ఒకటి దొరికింది, అదీ ఫుల్ కంటైనర్ అయితేనే. ఇరవై అడుగుల కంటైనర్‌లో ఎనిమిది డ్రమ్ములు! ఒక మూలన పేర్చి, చుట్టూ కర్రలు బిగించి, పట్టీలు కట్టిన ఫోటో ముంబై ఏజెంటు పంపాడు. మిగతాదంతా ఖాళీ. ఎయిర్‌లో అయ్యేదానికి రెండింతలు దాటింది కిరాయి. ఇన్సూరెన్సుకు ఇక్కడ ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కొనుగోలుదారే ఇరాన్ కంపెనీ దగ్గర చేయించుకున్నారు.

జూన్‌లో బందర్ అబ్బాస్ ఎండ నలభై దాటుతుంది. డ్రమ్ములకు థర్మల్ లైనర్ చుట్టించాం, లోపల ఉష్ణోగ్రత నమోదుచేసే లాగర్ పెట్టాలి. మేం ఎప్పుడూ వాడే లాగర్ అమెరికా కంపెనీది. మందుకు మినహాయింపు ఉంది, ఆ అరచేతిలో పట్టే లాగర్‌కు ఉందా? దాని తయారీదారు షరతుల్లో ఇరాన్‌కు పంపకూడదని స్పష్టంగా ఉంది. న్యాయవాది కూడా వద్దన్నారు. వేరే దేశపు లాగర్ తెప్పించడానికి, దాన్ని మా క్వాలిటీ వాళ్లు ధ్రువీకరించడానికి పది రోజులు పోయాయి. ప్యాకింగులో ఉన్న ప్రతి వస్తువూ ఎక్కడిదో చూసుకోవాలని అప్పుడే తెలిసింది.

ఒరిజినల్ కాగితాలు పట్టుకెళ్లే కొరియర్ దొరకలేదు. అందుకని ఓడ రవాణా పత్రం (బీఎల్) ఇక్కడే సరెండర్ చేసి, ఓడ కంపెనీ ద్వారా అక్కడే విడుదల చేయించాం. ఈ ఏర్పాటు బుకింగ్ రోజే మాట్లాడుకోవాలి. ఓడ కదిలాక అడిగితే రోజులు పోతాయి, పోర్టులో డెమరేజీ, అంటే ఆలస్య రుసుము, పడుతుంది.

మే 28న ఓడ బయల్దేరింది, జూన్ మొదటివారం దాటాక చేరింది. పోర్టులో రెండు వారాలు. అక్కణ్ణుంచి టెహ్రాన్‌కు దాదాపు 1,300 కిలోమీటర్లు లారీలో. జూన్ 24న ఆవిడ లాగర్ గ్రాఫ్ పంపింది. ఎక్కడా 30 డిగ్రీలు దాటలేదు. ఆ గీతను చాలాసార్లు చూశాను. మొదటి మాత్రల బ్యాచ్ ఆగస్టుకల్లా ఆసుపత్రులకు వెళ్తుందని, మొదట జాహెదాన్‌కు పంపమని తానే అడిగానని రాసింది.

నా కోపం ఇంకా తగ్గలేదు. ఈ పని పొడుగునా మాకు ఎవరూ ఇది నిషిద్ధమని చెప్పలేదు. అందరూ ఇది అనుమతి ఉన్నదే అంటూ ఆపారు. మినహాయింపు రాసినవాళ్లు దాన్ని నమ్మించే భారం మొత్తం ఆర్డరులో అతి చిన్నవాళ్లైన మా మీదా, టెహ్రాన్‌లో ఆవిడ మీదా వేశారు. ఆ 400 మందిలో కొందరికి ఈ ఏడాదిలో పేరుకున్న ఇనుము మాత్రలొచ్చినంత మాత్రాన అంత తేలిగ్గా పోదు. గుండెలో చేరింది దిగడానికి ఏళ్లు పడుతుంది.

జూలైలో టెహ్రాన్ నుంచి రెండో ఆర్డరు అడిగారు, ఈసారి 300 కిలోలు. రూపాయి ఖాతాలో నిల్వ తగ్గిపోతోందని, అనుమతులకు వరస ఇంకా పొడుగైందని ఆవిడ చెప్పింది. మా బ్యాంకు పాత ఫైలు ఒక్క సరుకుకే అంది. వాటాదారుల పట్టిక కొత్తది కావాలి, ఏజెంటు పాస్‌పోర్టు మళ్లీ కావాలి, న్యాయవాది అభిప్రాయం ఈ ఏడాది తేదీతో కావాలి. 201వ సెక్షన్ పేజీని ఈసారి అన్నిటికన్నా పైన పెట్టి, సోమవారం ఫైలు ఇచ్చొచ్చాను.